పెండ్లికొడుకు పార్వేట

"మనిషికి పద్దెనిమిది వేలు. బస్సు, హోటలు, తిండి, పడవ షికారు అన్నీ దాంట్లోనే. మూడు రాత్రులు. గోవా."

ఫోనులో వేసిన లెక్క మా ముందుకు చాపి బెంగళూరు వాడు అన్న మాట ఇది. 2023 జనవరి, సంక్రాంతి పోయి నాలుగు రోజులు. కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున ఐదుగురం కూర్చున్నాం. మాలో ఒకడికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు వాడికి జన్మంతా గుర్తుండే పార్టీ ఇవ్వాలని మా పంతం. ఏర్పాట్ల బాధ్యత నా మీద పెట్టారు. ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి పద్ధతిగా చేస్తానని నమ్మకం.

మా పేర్లు రాయొద్దని ఒకరి దగ్గర ఒకరం మాట తీసుకున్నాం. అందుకే మా వాళ్లను చేసే పనిని బట్టే పిలుస్తాను. పెళ్లికొడుకుది ఎరువుల అంగడి. బెంగళూరు వాడిది కంప్యూటర్ ఉద్యోగం. బొలెరో వాడు బాడుగ బండి తోలుతాడు. సేద్యగాడికి కుందూ దగ్గర నాలుగెకరాల నల్లరేగడి ఉంది. అందరం ఒకే బడిలో పదో తరగతి దాకా ఒకే బెంచీ చుట్టూ తిరిగినవాళ్లం.

ఆ ఒడ్డున కూర్చోవడం మాకు చిన్నప్పటి అలవాటు. 1846 జులై 10న ఇక్కడి ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తర్వాతి ఏడాది ఫిబ్రవరి 22న ఈ జుర్రేరు ఒడ్డునే ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. ఆయన కథ చెప్పేవాళ్లు ఎవరైనా ఆయన ఒక్కడి పేరుతో ఆపరు, వెంటనే వడ్డె ఓబన్న పేరు ఎత్తుతారు. చావు దాకా పక్కన నిలిచినవాడి పేరు కూడా ఊరు గుర్తుపెట్టుకుంటుందని మేం తెలుసుకున్నది ఆ ఒడ్డునే.

"నాకు వీలు కాదులే మామా," అన్నాడు సేద్యగాడు, నేల మీది పుల్ల విరుస్తూ. "పప్పుశనగ కోతకొస్తాంది. మీరు పోయి రాండి."

బొలెరో వాడు నవ్వాడు. "కోతకు ఇంకా మూడు వారాలుందిరా."

"కూలోళ్లను మాట్లాడుకోవాల, సంచులు చూసుకోవాల. నాకు కుదరదు."

బెంగళూరు వాడు సరేనన్నట్టు ఫోనులో ఐదును నాలుగు చేశాడు. పద్దెనిమిది వేలు ఇరవై రెండు వేల ఐదు వందలయింది. పెళ్లికొడుకు మాత్రం ఆ మారిన అంకె కేసి చూడలేదు, సేద్యగాడి చేతిలో విరుగుతున్న పుల్లనే చూస్తున్నాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ఆలోచించి చెప్తా," అని లేచి వెళ్లిపోయాడు.

అవ్వ వాళ్ల ఊళ్లో

ఆ తర్వాతి వారం పెళ్లికొడుకు వాళ్ల అవ్వకు శుభలేఖ ఇవ్వడానికి ఆళ్లగడ్డ దగ్గరున్న పల్లెకు పోతూ మమ్మల్నీ వెంట తీసుకుపోయాడు. ఆ రోజు ఆ ఊరికి అహోబిలం నరసింహస్వామి పల్లకి వస్తోంది. ఇంటింటా ఆడబిడ్డలూ అల్లుళ్లూ దిగి ఉన్నారు. ఏ వాకిట చూసినా ముగ్గే, ఏ ఇంట చూసినా ఓళిగల వాసనే.

ఈ సీమలో పుట్టినవాళ్లకు పార్వేట కొత్త కాదు. కానీ దాని గురించి నేను నిలబడి ఆలోచించింది ఆ సాయంత్రమే. ఏటా కనుమ నాడు జ్వాలా నరసింహుడూ, ప్రహ్లాద వరదుడూ ఒకే పల్లకిలో అహోబిలం నుంచి బయల్దేరతారు. బయల్దేరే వేళ చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. చెంచులక్ష్మి వాళ్లింటి ఆడబిడ్డ, స్వామి వాళ్లకు బావ. బావతో ఆ మాత్రం చనువు ఉంటుంది. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు. ఎండలో, మంచులో, బోయీల భుజాల మీద. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల్లో ఆయన కల్యాణం. ఆ పెళ్లికి రమ్మని పిలవడానికి పెళ్లికొడుకు తానే ఊరూరా తిరుగుతాడని ఇక్కడి జనం నమ్మకం. ఆరు వందల ఏళ్లుగా సాగుతోందని పెద్దలు చెప్పుకునే ఆచారం ఇది.

రాత్రి పల్లకి ఊళ్లోకి వచ్చింది. స్వామిని దించే అరుగును ఆ పల్లెల్లో 'తెలుపు' అంటారు. దాని మీద పల్లకి ఆనగానే జనం కదిలి ముందుకు వచ్చారు. మోతుబరి ఇంటివాళ్లూ, కూలికి పోయే ఇంటివాళ్లూ ఒకే వరసలో కొబ్బరికాయలు పట్టుకుని నిలబడ్డారు. అవ్వ పెళ్లికొడుకు మోచేయి పట్టుకుని ముందుకు నెట్టింది.

ఇంటికొచ్చి తిండి దగ్గర కూర్చున్నాక ఆమె అడిగింది. "ఏదో పార్టీ చేసుకుంటారంట కదా నాయనా. ఎవరెవరు పోతాండారు?"

బెంగళూరు వాడు పేర్లు చెప్పాడు. నాలుగు.

"ఈ పిల్లోడు రాడా?" అని సేద్యగాణ్ణి చూపింది.

ఎవరం మాట్లాడలేదు. సేద్యగాడు ఓళిగలో నెయ్యి కలుపుతూ తల వంచుకున్నాడు.

"సామే తన పెండ్లికి తాను ఊరూరు తిరిగి పిలుస్తాండాడు. మీరేమో పెండ్లికొడుకును ఎత్తుకోని ఎవరికీ కనపడకుండా పోతామంటారు. అదేం పెండ్లి పండగరా?" అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి తిరుగు దారిలో బొలెరోలో పెళ్లికొడుకు నోరు విప్పాడు. మమ్మల్ని కాకుండా ముందున్న దారినే చూస్తూ చెప్పాడు.

"మన బెంచీలో ఇంకొకడు ఉండేవాడు. గుర్తుందా?"

గుర్తుంది. ఆరోవాడు.

ఏడేళ్ల కిందట ఆరోవాడి నాయనకు జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టినప్పుడు పెళ్లికొడుకు పన్నెండు వేలు ఇచ్చాడు. నాయన దక్కలేదు. డబ్బు తిరిగి రాలేదు. ఎరువుల అంగట్లో బాకీ అడగడం రోజూ చేసే పని. ఒకరోజు టీ అంగడి దగ్గర మేమంతా ఉండగా, అదే అలవాటైన గొంతుతో, "ఏమప్పా, నా లెక్క ఎప్పుడిస్తావు?" అని అడిగేశాడు. ఆరోవాడు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా మధ్యకు రాలేదు. నెల తిరక్కుండా ఊరే విడిచిపోయాడు. అప్పుడు అక్కడున్న మేం నలుగురం ఒక్క మాటా అనలేదు. ఆ తప్పులో మా పాలు ఉంది.

"ఇప్పుడు వీడు గూడా," అన్నాడు పెళ్లికొడుకు, వెనక సీట్లో నిద్రపోతున్న సేద్యగాణ్ణి చూపిస్తూ. "డబ్బు లేదని చెప్పలేక కోత అంటాండాడు. మళ్లా ఒకణ్ణి పోగొట్టుకోను. నాకు గోవా వద్దు. సామి తిరిగినట్టు తిరుగుదాం. మన బెంచీ వాళ్లు యాడుంటే ఆడికి పోయి పిలుద్దాం. అదే నా పార్టీ."

ఏర్పాట్లు

మర్నాటి నుంచి నా పని మొదలైంది.

పెళ్లికి ముందు పెళ్లికొడుకును స్నేహితులు కూర్చోబెట్టి సంబరం చేయడం ఒక దేశానికి చెందిన ఆచారం కాదు. ఇంగ్లండులో ఆ విందుకు మగజింక పేరు పెట్టి స్టాగ్ పార్టీ అన్నారు. జర్మనీలో పెళ్లికి ముందు రోజు సాయంత్రం ఇంటి ముందు పింగాణీ పాత్రలు పగలగొడతారు. ఆ పెంకులను కాబోయే భార్యాభర్తలు కలిసి ఊడ్చాలి. కాపురంలో తొలి పని అదే అన్నమాట. ప్రాచీన స్పార్టాలో పెళ్లికొడుకు ఎప్పటిలాగే తన తోటివాళ్ల పంక్తిలో భోంచేసి, మద్యం ముట్టకుండా, నిబ్బరంగా పెళ్లికూతురి దగ్గరికి వెళ్లేవాడని ప్లూటార్క్ రాశాడు. మన దగ్గర స్నాతకం ఉంది, కాశీయాత్ర ఉంది. గొడుగూ పావుకోళ్లతో కాశీకి బయల్దేరిన పెళ్లికొడుకును బావమరిది ఆపి వెనక్కి తెస్తాడు. పక్కన తోడు పెళ్లికొడుకు ఎటూ ఉండనే ఉంటాడు. ఇన్ని చోట్ల ఇన్ని తీర్లు ఉన్నా అన్నింటి లోపలా ఉన్నది ఒకటే. ఒక మనిషి కొత్త ఇంటి గడప ఎక్కే ముందు, అంతవరకూ తనను పెంచిన తోటివాళ్లు తన చుట్టూ ఉండాలి.

నేను కాగితం తీసుకుని నాలుగు కట్టుబాట్లు రాసుకున్నాను.

మొదటిది రోజు. మా వైపు పెళ్లికొడుకును చేసి నలుగు పెట్టాక పొలిమేర దాటనివ్వరు. కాబట్టి నలుగుకు కనీసం నాలుగు రోజుల ముందే తిరుగుడు ముగియాలి.

రెండోది డబ్బు. అందరిలో చిన్న జేబు ఎవరిదో దాన్ని బట్టే ఖర్చు. ఎవరి వంతు ఎంతో పైకి అనకూడదు. డీజిలు బెంగళూరు వాడు పోయిస్తాడు. బండి బొలెరో వాడిది. ఆ రోజు బాడుగ వదులుకున్నాడు, అదే వాడి వంతు. రాత్రి తిండి సేద్యగాడి చేను దగ్గర. చోటూ, కోళ్లూ వాడివి. ఈ మాట చెప్పినప్పుడు వాడి మొహం చూడాల్సింది. అంతవరకూ వద్దు వద్దన్నవాడు, "సంగటికి రాగులు మా ఇంట్లోవే. మా అమ్మ చేత విసిరిస్తా," అన్నాడు.

మూడోది మందు. బండి రోడ్డు మీద ఉన్నంతసేపూ ఎవరూ ముట్టకూడదు. తోలేవాడొక్కడే కాదు, అందరూ. తోలేవాణ్ణి పక్కన కూర్చోబెట్టి మిగతావాళ్లు తాగితే అతను మనలో ఒకడు కాకుండా పోతాడు.

నాలుగోది జాబితా. పదో తరగతి గ్రూప్ ఫోటో తీశాను. మా ఐదుగురినీ తీసేసి, చుట్టుపక్కల ఉన్నవాళ్లను లెక్కపెడితే పదకొండు మంది తేలారు. పది మంది చిరునామాలు దొరికాయి. ఆరోవాడిది దొరకలేదు.

అది దొరికింది మా తరగతిలో చదివిన అమ్మాయి దగ్గర. ఇప్పుడు ఆమె అంగన్‌వాడీ టీచరు. పెళ్లికొడుకు వాళ్లమ్మను వెంటబెట్టుకుని ముందు రోజే ఆమె ఇంటికి పోయాం. శుభలేఖ తీసుకుని పసుపు అంటిన మూలను కాసేపు వేలితో తడిమింది.

"మగపిల్లోళ్ల పార్టీ అని మమ్మల్ని మరిచిపోతారనుకున్యా," అంది. తర్వాత మెల్లగా, "వాణ్ణి పిలవరా?" అని అడిగింది.

"యాడుండాడో తెలీదు."

"కొలిమిగుండ్ల కాడ బండల ఫ్యాక్టరీలో చేస్తాండాడు. ఇద్దరు పిల్లోళ్లు. పోండి. పోకుంటే నేను పెండ్లికి రాను."

బొలెరో కదిలింది

ఫిబ్రవరి మొదటి ఆదివారం, తెల్లవారక ముందే బయల్దేరాం. పెళ్లికొడుకు ఒళ్లో శుభలేఖల కట్ట, కుంకుమ డబ్బీ, అరటిపళ్ల గెల. బనగానపల్లె బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న మిత్రుడితో మొదలు. మమ్మల్ని చూసి స్టవ్ ఆర్పేశాడు. ఉన్న ముగ్గురు గిరాకీలకు డబ్బులు తీసుకోకుండానే టీలు ఇచ్చి, వచ్చి బొలెరో మెట్టు మీద కూర్చున్నాడు. "పెండ్లికొడుకే వచ్చినాడే," అని మూడుసార్లు అన్నాడు. శుభలేఖ తాను తీసుకోకుండా, "మా నాయన చేతికియ్యి. ఎవరూ ఇట్ల ఇంటిదాకా వచ్చి ఇయ్యలేదు," అని అంగడి వెనక ఇంట్లోకి తీసుకుపోయాడు.

దారిలో ఒకడు ఉగ్గాని బజ్జీలు కట్టించాడు. అవుకులో ఒకడు జలాశయం చేపలు ఇస్తానన్నాడు, రాత్రి దాకా ఉండవని వద్దన్నాం. సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్నవాణ్ణి వాడి భార్య లేపింది. కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చాడు. అంతమంది ముందు బనీనుతో నిలబడి శుభలేఖ అందుకోవడం వాడికి బాగనిపించలేదు. ఫోనులో పంపిన శుభలేఖకు ఎవరూ చొక్కా తొడుక్కోరు.

మధ్యాహ్నానికి కొలిమిగుండ్ల చేరాం. ఫ్యాక్టరీ దగ్గర అడిగితే, లోడింగ్ మీద బయటికి పోయాడు, మూడు దాటాక వస్తాడన్నారు. దగ్గరలోనే బెలూం గుహలు. ఊరికే కూర్చోలేక అక్కడికి పోయాం.

బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఆ గుహల గురించి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని లోకానికి తెలిపాడు. 1982, 83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. సున్నపురాయిని భూగర్భ జలం లక్షల ఏళ్లపాటు కరిగిస్తూ తొలిచిన దారులవి. ఇదే సీమ సున్నపురాయి పొరలు పొరలుగా లేస్తే నాపబండ. మా ఊళ్లలో నేల, అరుగు, గూడు, పొలం గట్టు అన్నీ ఆ రాయే.

లోపల ఉక్కగా ఉంది. కొంత దూరం పోయాక పెళ్లికొడుకు ఒక మలుపు దగ్గర ఆగాడు. పైకప్పు కేసి చూస్తూ ఏదో గొణుగుతున్నాడు.

"ఏందిరా?" అన్నాడు బెంగళూరు వాడు.

"వానితో ఏం చెప్పాల్నో అనుకుంటాండా. నోట్లోకి వస్తాండాది గానీ బయటికి రాల్యా."

"మేం బయటే నిలబడతాం. నువ్వు ఒక్కడివే లోపలికి పోయి మాట్లాడు. అదే మర్యాద," అన్నాను నేను. అదే సరైన పద్ధతి అని నిజంగానే అనుకున్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "మీరు లేకుండా అడిగింటే వాడు ఊరిడిసి పోయేవాడు కాదు. నలుగురిలో చేసినా. నలుగురిలోనే దిద్దుకోవాల. మీరు నా పక్కన నిలబడాల."

ఆ మాటకు ఎవరమూ బదులు చెప్పలేదు. మేం ఎందుకు వెంట వచ్చామో నాకు అప్పుడు తెలిసింది.

బండల షెడ్డు

మేం పోయేసరికి వాడు కటింగ్ మిషను మీద ఉన్నాడు. రంపపు చక్రం మీద నీళ్లు పడుతున్నాయి. తెల్లటి బురద కాళ్ల చుట్టూ పారుతోంది. మోత చెవులు పగిలేట్టుంది. వాడు తల ఎత్తి మమ్మల్ని చూశాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మళ్లీ బండను ముందుకు తోశాడు.

మేం షెడ్డు అంచున నిలబడ్డాం. ఒక బండ అయింది. రెండోది ఎత్తి పెట్టాడు. అదీ అయింది. రాతిదుమ్ము మా చొక్కాల మీద పడుతోంది. బొలెరో వాడు, "పోదామా?" అన్నట్టు చూశాడు. పెళ్లికొడుకు కదల్లేదు. మూడో బండ సగంలో ఉండగా వాడు స్విచ్చి ఆపాడు. మోత ఆగిపోయాక నీళ్లు కారే చప్పుడు ఒక్కటే మిగిలింది.

పెళ్లికొడుకు రెండడుగులు ముందుకు వేశాడు. గుహలో అనుకున్న మాటలేవీ వాడికి గుర్తురాలేదని తర్వాత మాతో అన్నాడు.

"ఆ పొద్దు నిన్ను నలుగురిలో అడిగినా. తప్పు చేసినా. ఆ నలుగురినీ పిలుచుకోని వచ్చినా. వీళ్ల ముందరే చెప్తాండా. నన్ను మన్నించు."

తర్వాత శుభలేఖ తీశాడు. చేతులు వణుకుతున్నాయి, కుంకుమ డబ్బీ మూత రాలేదు. సేద్యగాడు తీసిచ్చాడు.

ఆరోవాడు శుభలేఖ అందుకోలేదు. వెనక్కి తిరిగి పోయాడు. మా గుండెలు జారిపోయాయి. షెడ్డు మూల తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా, గోళ్లలో దుమ్ము పోయేదాకా, చాలాసేపు. టవలుతో తుడుచుకుని వచ్చి, రెండు చేతులూ చాపి శుభలేఖ తీసుకున్నాడు.

"ముహూర్తం ఎన్ని గంటలకు?" అన్నాడు.

ఏడేళ్ల తర్వాత వాడు మాతో అన్న మొదటి మాట అది. పెళ్లికొడుకు చెప్పబోయాడు, గొంతు పెగల్లేదు. నేను చెప్పాను. వాడు తలాడించి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. పెదాలు కదిలాయి. మమ్మల్ని లెక్కపెడుతున్నాడని అప్పుడు నాకు తెలియలేదు.

"డబ్బు..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట ఎత్తొద్దు," అన్నాడు పెళ్లికొడుకు.

"ఎత్తాల. నేను మరిచిపోలా. కానీ ఇప్పుడు గాదు." యజమానితో మాట్లాడి వచ్చి బొలెరో వెనక తలుపు తీశాడు. "నన్ను రాత్రికి ఇంటికాడ దింపాల. పిల్లోళ్లకు చెప్పి వస్తా."

చేలో రాత్రి

సేద్యగాడి చేను చేరేసరికి పొద్దు గుంకింది. కుందూ మీదుగా చలిగాలి వీస్తోంది. వెనక విత్తిన మడిలో పప్పుశనగ ఇంకా పచ్చిగా ఉంది. వాడే చెట్లు పీకి తెచ్చి, ఎండు కంప మీద వేసి అంటించాడు. కాయలు చిటపటమని పేలాయి. బూడిదలోంచి ఏరుకుని ఊదుకుంటూ తిన్నాం. చేతులూ మూతులూ నల్లబడ్డాయి. వాళ్లమ్మ రాగి సంగటి ముద్దలు, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి పంపింది. ఆ రాత్రి ఆతిథ్యం ఇచ్చింది సేద్యగాడు. "ఇంకో ముద్ద ఎయ్యిరా వానికి," అని వాడు అధికారంగా అంటుంటే, గోవా లెక్కలో ఐదును నాలుగు చేసిన వేలు గుర్తొచ్చింది.

ఎవరూ పాటలు పెట్టలేదు. ఆరోవాడు చెప్పాడు, మేం విన్నాం. నాయన పోయిన రోజు సంగతి. ఊరు విడిచిన రోజు సంగతి. మొదటిసారి బండ కాలి మీద పడినప్పుడు రెండు నెలలు కూలి లేని సంగతి. "మీరెవరైనా వస్తారేమోనని చూసినా," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. మాలో ప్రతివాడూ ఆ మాటకు తనకు తానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

పదకొండు గంటలకు బెంగళూరు వాడు మంటలోకి కంప తోస్తూ అన్నాడు. "నేను ఆఫీసు వాళ్లతో ఇట్లాంటి పార్టీలకు నాలుగిటికి పోయినా. ఫోటోలు ఉండాయి. ఎవరు ఏం మాట్లాడినారో ఒక్కటి గుర్తు లేదు."

ఆ రాత్రి మొత్తానికి మాకైన ఖర్చు, డీజిలుతో సహా, ఆరు వేలు దాటలేదు.

తెలుపు

నలుగు రోజు పొద్దున పెళ్లికొడుకు ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. ఆరోవాడు దిగాడు. ట్రాలీలో గడ్డి పరిచి దాని మీద పొడవాటి నాపబండ ఒకటి, ఆనించడానికి మూడు రాతి దిమ్మెలు. బండ పై ముఖం నీళ్లలా మెరుస్తోంది. అంచులు చేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగలకుండా గుండ్రంగా తీశాడు. పని గంటలు అయ్యాక రోజూ రాత్రి కూర్చుని చేశాడట.

పెళ్లికొడుకు వాళ్ల నాయన బయటికొచ్చి చూశాడు. "ఎంతయింది నాయనా? బాడుగ ఎంత?" అని జేబులో చెయ్యి పెట్టాడు.

పెళ్లికొడుకు పసుపు ఒంటితో గడపలోంచి అన్నాడు. "లెక్క అయిపోయింది నాయనా. చెయ్యి తీయి."

ఆరోవాడు వాడి కేసి చూశాడు. ఇద్దరూ ఇంకేమీ అనుకోలేదు. బండ ఎత్తడానికి అందరం చేతులేశాం. పెళ్లికొడుకును మాత్రం బరువు పట్టనివ్వలేదు. వేపచెట్టు కింద దిమ్మెల మీద సరిచేశాక ఆరోవాడు, "కూసోండి," అన్నాడు. కూర్చున్నాం. పెళ్లికొడుకునూ పిలిచి నడుమ కూర్చోబెట్టాం. ఆరుగురికీ సరిగ్గా సరిపోయింది. భుజానికి భుజం తగిలి, ఇటు జానెడు, అటు జానెడు మిగిలింది. షెడ్డులో మమ్మల్ని చూస్తూ వాడి పెదాలు ఎందుకు కదిలాయో అప్పుడు అర్థమైంది.

పల్లె నుంచి వచ్చిన అవ్వ పసుపు గిన్నెతో వాకిట్లోకి వచ్చి ఆగింది. వరసగా కూర్చున్న మమ్మల్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది.

"తెలుపు కట్టినారే," అంది.

ఇప్పుడు మా బడిలో చదివి బయటికి పోయిన పిల్లలు పెళ్లీడుకొచ్చారు. స్నేహితుడికి పార్టీ ఇవ్వాలి, ఎక్కడికి పోతే బాగుంటుంది సార్ అని అడుగుతుంటారు. గండికోట చెప్పమంటే చెప్తాను, యాగంటి చెప్పమంటే చెప్తాను, గోవా పోతామన్నా వద్దనను. దానికి ముందు మాత్రం ఒక కాగితం తీసి, మీ జట్టులో ఎవరు రావడం లేదో ఆ పేరు మొదట రాయమంటాను. ఎందుకు రావడం లేదో దాని పక్కన రాయమంటాను. చాలామంది ఆ రెండో మాట దగ్గర పెన్ను ఆపుతారు. అప్పుడు ఆ పిల్లవాడి ఇల్లు ఎక్కడో కనుక్కుని రమ్మని పంపిస్తాను.